హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించే ముందు డ్రమ్ము సంగతి చూడండి

వెనక బ్రేకులు తగ్గాయని, హ్యాండ్ బ్రేక్ లివరు నిట్టనిలువుగా లేస్తోందని షెడ్డుకు తీసుకువెళితే చాలాచోట్ల జరిగే పని ఒకటే. ముందు సీట్ల మధ్య ఉన్న మూత విప్పుతారు, హ్యాండ్ బ్రేక్ కేబుల్ నట్టును నాలుగు చుట్లు బిగిస్తారు, లివరు మూడు టిక్కులకే బిర్రుగా ఆగిపోతుంది. పని అయిపోయిందని బండి ఇచ్చేస్తారు. డ్రమ్ముకూ షూలకూ మధ్య పెరిగిన సందు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. పైగా ఇకమీదట ఆ సందు తనంతట తాను తగ్గే మార్గం కూడా మూసుకుపోతుంది. ఈ ఒక్క అలవాటు పోవాలని నాకు గట్టి కోరిక. అందుకే వెనక డ్రమ్ము బ్రేకులను సర్దే పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

నాది ఇన్నోవా. 2005లో మన మార్కెట్లోకి వచ్చి 2016లో క్రిస్టాకు చోటిచ్చిన మొదటి తరం మోడలు. విశాఖపట్నం నుంచి అరకుకు పర్యాటకులను తీసుకువెళ్లి తీసుకురావడం నా జీవనాధారం. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్‌లో పిల్లాపాపలతో నిండిన బండిని, పైన సామానుతో సహా, అనంతగిరి మలుపుల మీదుగా కిందికి దించాలి. వెనక కూర్చున్న తల్లి ఒడిలో బిడ్డ నిద్రపోతూ ఉంటుంది. అలాంటి బండికి వెనక బ్రేకులు ఎలా ఉన్నాయో నా కళ్లతో చూడకుండా నేను తాళం తిప్పను. మారుతి ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, శాంత్రో, బొలేరో వంటి బండ్లలో కూడా ఎక్కువ భాగం వెనక డ్రమ్ములతోనే వచ్చాయి కాబట్టి ఇది చాలామందికి పనికొచ్చే సంగతే.

లోపల ఏం జరుగుతుంది

చక్రంతో పాటు తిరిగేది ఇనుప డ్రమ్ము. దాని లోపల తిరగకుండా బ్యాక్ ప్లేటుకు పట్టి ఉండేవి అర్ధచంద్రాకారంలో రెండు షూలు. వాటి మధ్య వీల్ సిలిండర్ ఉంటుంది. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి సిలిండర్లోని పిస్టన్లు రెండు వైపులా జరిగి షూలను డ్రమ్ముకు అదుముతాయి. వదిలితే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగుతాయి. ఎంతవరకు వెనక్కి రావాలో నిర్ణయించేది రెండు షూల మధ్య అడ్డంగా ఉండే అడ్జస్టర్. షూల మీది రాపిడి పొర అయిన లైనింగు అరిగేకొద్దీ షూ ప్రయాణించాల్సిన దూరం పెరుగుతుంది. అడ్జస్టర్ ఆ మేరకు పొడవు పెరుగుతూ పోతే పెడల్ ఎప్పుడూ ఒకే ఎత్తులో అందుతుంది.

హ్యాండ్ బ్రేక్ దారి వేరు. కేబుల్ వచ్చి ఒక షూకు తగిలించి ఉన్న చిన్న లివరును లాగుతుంది. ఆ లివరు అడ్జస్టర్‌ను తోసి షూలను విడదీస్తుంది. ఇప్పటి బండ్లలో అడ్జస్టర్ తనంతట తాను ముందుకు జరగడానికి ఒక చిన్న రేకు ఉంటుంది. కొన్నింటిలో పెడల్ తొక్కినప్పుడు, కొన్నింటిలో హ్యాండ్ బ్రేక్ లాగి వదిలినప్పుడు, మరికొన్నింటిలో రివర్సులో వెళుతూ బ్రేకు వేసినప్పుడు ఆ రేకు అడ్జస్టర్ మీది పళ్లలో ఒకటి దాటి తర్వాతి పన్నును పట్టుకుంటుంది. సందు పెరిగితేనే ఆ కదలిక చాలినంత వస్తుంది, లేకపోతే పాత పన్ను దగ్గరే ఉండిపోతుంది. ఎంతో తెలివైన ఏర్పాటు.

ఇదంతా సవ్యంగా నడవాలంటే హ్యాండ్ బ్రేక్ వదిలినప్పుడు లోపలి లివరు పూర్తిగా వెనక్కి వచ్చి తన ఆధారం మీద కూర్చోవాలి. బయట కేబుల్‌ను బిర్రుగా బిగిస్తే అది సగంలోనే ఆగిపోతుంది. రేకుకు తర్వాతి పన్ను అందదు. ఆ రోజు నుంచి లైనింగు అరుగుతూనే ఉంటుంది, అడ్జస్టర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది, పెడల్ కొంచెం కొంచెంగా లోపలికి దిగుతూ ఉంటుంది. మళ్లీ షెడ్డుకు వెళితే మళ్లీ కేబులే బిగిస్తారు. చివరికి షూ డ్రమ్మును రాసుకుంటూ వేడెక్కి, లైనింగు గాజులా నున్నబడి, గట్టిగా తొక్కినా పట్టని స్థితి వస్తుంది. అందుకని వరుస మారకూడదు. ముందు డ్రమ్ము దగ్గర షూలు, ఆ తర్వాతే కేబులు.

సమస్య నిజంగా షూల సందేనా?

పానా పట్టే ముందు డ్రైవరు సీట్లో కూర్చుని పెడల్‌తో కాసేపు మాట్లాడాలి. ఇంజను నడుస్తూ ఉండగా ఒకసారి తొక్కండి. పెడల్ చాలా లోపలికి దిగి, వదిలి వెంటనే రెండోసారి తొక్కితే పైనే అందిందనుకోండి, షూల సందు పెరిగి ఉండవచ్చు. మొదటి తొక్కుడుకు వెళ్లిన ఆయిలు సందు పూడ్చడానికే సరిపోయింది, రెండో తొక్కుడుకు షూలు ఇంకా పూర్తిగా వెనక్కి రాకముందే దొరికాయి.

దీన్ని ఖాయం చేసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. సమతలం మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వదిలి పెడల్ ఎంత లోతుకు వెళుతుందో చూడండి. తర్వాత హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి మళ్లీ తొక్కండి. రెండోసారి పెడల్ స్పష్టంగా పైనే ఆగితే లోపం వెనక షూల దగ్గరే ఉంది. హ్యాండ్ బ్రేక్ షూలను ముందే డ్రమ్ము దాకా తీసుకువెళ్లింది కాబట్టి పెడల్‌కు ఆ దూరం కలిసివచ్చింది. రెండుసార్లూ ఒకే లోతుకు వెళితే కారణం వేరే చోట వెతకాలి.

పెడల్ మెత్తగా, స్పాంజిలా అనిపిస్తే లైన్లో గాలి చేరింది, దాన్ని తీయాలి. కాలు పెట్టి ఉంచితే మెల్లగా కిందికి జారిపోతూ ఉంటే ఎక్కడో ఆయిలు కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయి. ఈ రెండింటికీ షూలు సర్దడం మందు కాదు. ఆ స్థితిలో బండిని రోడ్డు మీదకు తీయకండి.

బండిని లేపడం

ఇక్కడ తొందర పనికిరాదు. వెనక డ్రమ్ములు సర్దాలంటే హ్యాండ్ బ్రేక్ వదిలే ఉండాలి, వెనక చక్రాలు నడిపే బండిలో అయితే అవి తిరగడానికి గేరు కూడా న్యూట్రల్‌లో ఉండాలి. ముందు చక్రాలు నడిపే ఆల్టో, స్విఫ్ట్ లాంటి బండిని గేరులో ఉంచినా వెనక చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి, నేల మీద ఉన్న ముందు చక్రాలను ఇంజను పట్టి ఉంచుతుంది. ఇన్నోవా, బొలేరో వంటి వెనక చక్రాలు నడిపే బండికి ఆ అవకాశం లేదు. వెనక భాగం గాలిలోకి లేచాక బండిని ఆపి ఉంచేవి ముందు చక్రాల కింద మీరు పెట్టిన అడ్డు చెక్కలు మాత్రమే. కాబట్టి రెండు ముందు చక్రాలకూ ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి చొప్పున గట్టి చెక్క దిమ్మలు బిగించండి. నేల సమతలంగా, గట్టిగా ఉండాలి. సిమెంటు నేల అయితే మేలు. వాన పడిన మట్టి నేల మీద ఈ పని పెట్టుకోకండి.

చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేయండి. తర్వాత జాకీతో లేపి, యాక్సిల్ కింద గానీ బండి పుస్తకంలో చూపిన చోట గానీ స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదకు దించండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మలు ఎన్నడూ పెట్టవద్దు, అవి చెప్పకుండా చిట్లుతాయి. స్టాండ్లు లేకపోతే పని వాయిదా వేయండి, లేదా అవి ఉన్న షెడ్డుకు వెళ్లి మీ కళ్లముందు చేయించుకోండి.

ఇంకా కావలసినవి కొద్దిగానే. చక్రం పానా, రెండు స్క్రూ డ్రైవర్లు (ఒకటి వెడల్పు మూతిది, ఒకటి సన్ననిది), టార్చిలైటు, రబ్బరు సుత్తి, బ్రేక్ క్లీనర్ డబ్బా, వేడికి కరగని గ్రీసు కొంచెం, మాస్కు.

బయటి నుంచి సర్దడం

లైనింగు బాగానే ఉందని ఈమధ్యే చూసుకుని ఉంటే డ్రమ్ము విప్పకుండానే సర్దవచ్చు. బ్యాక్ ప్లేటు వెనక కోలగా ఉన్న ఒక రంధ్రం, దానికి రబ్బరు మూత ఉంటాయి. మూత తీసి టార్చి వేసి చూస్తే అడ్జస్టర్ మీది పళ్ల చక్రం కనిపిస్తుంది. కొన్ని బండ్లలో ఈ రంధ్రం డ్రమ్ము ముఖం మీదే ఉంటుంది, అప్పుడు చక్రం విప్పి, డ్రమ్మును తిప్పి రంధ్రాన్ని అడ్జస్టర్ ఎదురుగా తెచ్చుకోవాలి. మరీ పాత బండ్లలో ప్లేటు వెనక చదరపు తల ఉన్న అడ్జస్టర్ వస్తుంది, దానికి పానా పడుతుంది.

మొదట చేయాల్సింది హ్యాండ్ బ్రేక్ కేబుల్‌ను వదులు చేయడం. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. లివరు దగ్గర నట్టును కేబుల్ లూజయ్యేదాకా తిప్పండి. లోపలి లివరు తన ఆధారం మీద కూర్చున్నాకే షూల అసలు స్థానం తెలుస్తుంది.

ఇప్పుడు వెడల్పు స్క్రూ డ్రైవరు మూతిని పళ్ల మధ్య పెట్టి, రంధ్రం అంచును ఆనుగా చేసుకుని ఒక్కో పన్ను తిప్పండి. ఏ వైపు తిప్పితే బిగుస్తుందో బండిని బట్టి మారుతుంది. ఎడమ, కుడి అడ్జస్టర్ల మరలు కూడా సాధారణంగా ఒకదానికొకటి వ్యతిరేక దిశలో ఉంటాయి. కంగారు పడకుండా నాలుగైదు పళ్లు తిప్పి చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. సులువుగా తిరిగే వైపునే టిక్కుటిక్కుమంటూ వెళుతుంటే అది బిగిసే దిశ, ఎందుకంటే రేకు ఆ వైపు మాత్రమే అడ్డుపడకుండా పోనిస్తుంది. అలా బిగిస్తూ పోతే ఒక దశలో చక్రం చేత్తో తిప్పలేనంతగా పట్టేస్తుంది.

అక్కడ ఆగి, లోపలికి వెళ్లి పెడల్‌ను రెండు మూడుసార్లు గట్టిగా తొక్కి రండి. షూలు డ్రమ్ము మధ్యకు సర్దుకుంటాయి. మళ్లీ చక్రం తిప్పి చూస్తే కొంచెం వదులైనట్లు తెలుస్తుంది. అప్పుడు ఇంకో రెండు పళ్లు బిగించండి. తొక్కినా ఇక తేడా రాకుండా పోయేదాకా ఇలా చేయాలి.

ఇక వెనక్కి తిప్పాలి. సన్నని స్క్రూ డ్రైవరును అదే రంధ్రంలోంచి పంపి, పళ్లను పట్టుకున్న రేకును కొద్దిగా పక్కకు నెట్టి పట్టుకోండి. ఆ రేకును నెట్టకుండా బలవంతంగా వెనక్కి తిప్పితే పళ్ల మూలలు గుండ్రబడిపోతాయి, ఆ తర్వాత అడ్జస్టర్ మార్చడమే శరణ్యం. రేకును పక్కకు పట్టి ఉంచి, రెండో స్క్రూ డ్రైవరుతో ఒక్కో పన్ను వదులుతూ ప్రతిసారీ చక్రాన్ని తిప్పండి. సాధారణంగా అయిదు నుంచి ఎనిమిది పళ్ల మధ్య చక్రం స్వేచ్ఛపడుతుంది. అంకె కన్నా చెవిని నమ్మండి. మొదట గర్రుమని అడ్డుపడుతుంది. తర్వాత చక్రం తిరుగుతుంది కానీ నిడివైన రాపిడి వినిపిస్తుంది. ఆ తర్వాత చుట్టుకు ఒకచోట మాత్రం 'సస్' అని వచ్చి పోతుంది, డ్రమ్ము గుండ్రం రవ్వంత తప్పిన చోట షూ తాకే శబ్దం అది. అక్కడి నుంచి ఇంకో పన్ను వదిలితే చాలు. ఏ శబ్దమూ లేనంత వదిలితే మళ్లీ పెడల్ దిగుతుంది.

వెనక చక్రాలు నడిపే బండివాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. న్యూట్రల్‌లో కూడా చక్రం తిప్పితే దాంతోపాటు డిఫరెన్షియల్, ప్రొపెల్లర్ షాఫ్టు కదులుతాయి, గేరాయిలు బరువు చేతికి తెలుస్తుంది. అది బ్రేకు పట్టు అనుకుని అతిగా వదలకండి. గేరాయిలు బరువు చుట్టంతా సమానంగా, మెత్తగా ఉంటుంది. షూ రాపిడికి గరుకు ఉంటుంది, శబ్దం ఉంటుంది. రెండు వెనక చక్రాలూ గాలిలో ఉంటే ఒకదాన్ని తిప్పుతున్నప్పుడు రెండోది ఎదురుదిక్కున తిరగవచ్చు, అది లోపం కాదు.

రెండో వైపు కూడా ఇంతే పట్టు వచ్చేలా చేయండి. రెండు చక్రాలూ ఒకే చేత్తో, ఒకే బలంతో తిప్పినప్పుడు దాదాపు ఒకేలా ఆగాలి. ఒక వైపు బిగువుగా, ఒక వైపు వదులుగా ఉంటే తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు బండి తోక పక్కకు లాగుతుంది.

రబ్బరు మూతను తిరిగి పెట్టండి. ఎంత చిన్న వస్తువో అంత ముఖ్యం. అది లేని రంధ్రంలోంచి వానాకాలంలో బురదనీళ్లు నేరుగా అడ్జస్టర్ మీద పడి మరను తుప్పుపట్టిస్తాయి. పోయి ఉంటే కొత్తది కొనండి. గుడ్డముక్క కుక్కి ఊరుకోవద్దు.

విప్పి చూడాల్సి వస్తే

బండి కొత్తగా మీ చేతికి వచ్చినా, లైనింగు చివరిసారి ఎప్పుడు చూశారో గుర్తులేకపోయినా, పళ్ల చక్రం తిరగకుండా మొరాయించినా డ్రమ్ము తీయాల్సిందే. కొన్ని బండ్లలో డ్రమ్ము చక్రం బోల్టుల మీద ఊరికే కూర్చుని ఉంటుంది. మరికొన్నింటిలో బేరింగు డ్రమ్ములోనే ఉండి మధ్య నట్టుతో బిగించి ఉంటుంది. ఈ రెండో రకానికి ఆ నట్టు బిగింపు కొలత ప్రకారం ఉండాలి, కాబట్టి టార్క్ పానా, కొత్త నట్టు లేదా పిన్ను సిద్ధంగా లేకుండా విప్పకండి.

డ్రమ్ము రాకపోతే సుత్తితో అంచు మీద బాదడం చాలామంది చేసే పని. పోత ఇనుము కదా, అంచు పగులుతుంది. లోపల షూ ఒరుసుకుని ఒరుసుకుని డ్రమ్ము లోపలి అంచున ఒక గట్టు ఏర్పడుతుంది, షూలు ఆ గట్టుకు తగులుకుంటాయి. అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పి షూలను లోపలికి తెస్తే సగం డ్రమ్ములు అప్పుడే వచ్చేస్తాయి. ఇంకా రాకపోతే డ్రమ్ము ముఖం మీద మరలున్న రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలో ఎక్కువగా 8 మిల్లీమీటర్ల బోల్టులు పడతాయి. రెండింటినీ ఒకటి తర్వాత ఒకటి, అరచుట్టు చొప్పున బిగిస్తూ పోతే డ్రమ్ము వంగకుండా బయటికి జరుగుతుంది.

డ్రమ్ము బయటికి వచ్చాక ఎవరినీ పెడల్ తొక్కనివ్వకండి. ఆపే గోడ లేదు కాబట్టి పిస్టన్లు సిలిండర్ నుంచి ఊడి వచ్చేస్తాయి.

లోపల పేరుకున్న నల్లటి ధూళిని నోటితో ఊదకండి, గాలి పైపుతో అసలు కొట్టకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు, దాని పీచు ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ఏ లైనింగు ధూళి అయినా పీల్చదగినది కాదు. కింద పళ్లెం పెట్టి బ్రేక్ క్లీనర్‌తో తడిపి కడిగేయండి, ఆ తడి గుడ్డలను సంచిలో కట్టి పారేయండి. షెడ్డుల్లో పనిచేసే చిన్న కుర్రాళ్లు గాలి పైపు పెట్టి డ్రమ్ములు ఊదుతుంటే చూసినప్పుడల్లా ఆగి చెబుతాను. వాళ్ల యజమానులు కూడా వినాలి.

ఇప్పుడు పరీక్షగా చూడండి. లైనింగు అతి సన్నగా ఉన్న చోట 1 మిల్లీమీటరుకు చేరితే షూలు మార్చాలి. నేను అంత దాకా ఆగను, 2 దగ్గరే మారుస్తాను, ఘాట్ దారి అది. రివెట్లతో బిగించిన షూ అయితే రివెట్టు తలకు పైన ఎంత మిగిలిందో చూడాలి. ముందువైపు షూ వెనకదాని కన్నా ఎక్కువ అరగడం సహజమే. బండి ముందుకు వెళ్లేటప్పుడు డ్రమ్ము తిరుగుడు ఆ షూను ఇంకా గట్టిగా తనలోకి లాక్కుంటుంది. అందుకే అరుగుదల తేడాను చూసి కంగారు పడనక్కర్లేదు. లైనింగు అద్దంలా మెరుస్తుంటే మాత్రం ఎక్కడో ఎడతెగకుండా రాసుకుందని అర్థం.

డ్రమ్ము లోపలి వైపు గోరుతో గీసి చూడండి. గోరు ఆగేంత లోతు చారలుంటే లేతు మీద చదును చేయించాలి. ఎంతవరకు పెద్దది కావచ్చో గరిష్ఠ వ్యాసం డ్రమ్ము మీదే పోత పోసి ఉంటుంది. ఆ అంకె దాటితే డ్రమ్ము పాత ఇనుము కింద వేయడమే. లేతు పని ఇంకా చేయవచ్చని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచును సుతారంగా ఎత్తండి. లోపల తడి ఉంటే సిలిండర్ కారుతోంది. వెనక చక్రాలు నడిపే బండ్లలో యాక్సిల్ సీలు నుంచి గేరాయిలు కూడా డ్రమ్ములోకి రావచ్చు. గేరాయిలు చిక్కగా, గంధకపు వాసనతో ఉంటుంది. బ్రేక్ ఆయిలు పలచగా ఉండి రంగును లేపేస్తుంది. ఏది తగిలినా ఆ షూలు ఇక పనికిరావు. పెట్రోలులో కడిగి, మంటమీద కాల్చి, ఉప్పు కాగితంతో రుద్ది తిరిగి వేస్తామంటారు. నూనె లైనింగు లోపలికంటా ఇంకిపోతుంది, వేడెక్కినప్పుడల్లా మళ్లీ పైకి వస్తుంది. కారుడు ఆపి, రెండు వైపులా కొత్త షూలు వేయండి.

అడ్జస్టర్‌ను విప్పి మర మొత్తం శుభ్రం చేసి, వేళ్లతో సులువుగా తిరిగేలా పలచగా గ్రీసు రాయండి. ఒక వైపు పని పూర్తయ్యాకే రెండో వైపు విప్పడం మంచి పద్ధతి. ఎడమది కుడికి, కుడిది ఎడమకు మారిపోతే రేకు కదిలినప్పుడల్లా అడ్జస్టర్ బిగియడానికి బదులు వదులవుతుంది. స్ప్రింగు ఏ రంధ్రంలో ఉందో చూసుకోవడానికి రెండో వైపు విప్పకుండా మిగిలి ఉంటుంది. బ్యాక్ ప్లేటు మీద షూ అంచులు రాసుకునే ఉబ్బెత్తు చోట్ల కూడా చాలా కొద్దిగా గ్రీసు పూయండి. లైనింగుకు వేలి ముద్రంత కూడా అంటకూడదు.

తిరిగి డ్రమ్ము ఎక్కించే ముందు, సన్నని కొలతలు తీసే వెర్నియర్ ఉంటే కొలిచి సర్దవచ్చు. డ్రమ్ము లోపలి వ్యాసం కొలిచి, షూల బయటి వ్యాసం దానికన్నా అర మిల్లీమీటరు పైచిలుకు తక్కువ ఉండేలా అడ్జస్టర్ తిప్పండి. వెర్నియర్ లేకపోతే డ్రమ్ము రవ్వంత రాపిడితో ఎక్కేలా చూసుకుంటే చాలు, మిగతాది బయటి నుంచి సర్దుకోవచ్చు.

పళ్ల చక్రం లేని బండ్లు

మారుతి చిన్న కార్లలో చాలావాటికి తిప్పే పళ్ల చక్రం ఉండదు. షూల మధ్య రంపపు పళ్లున్న పట్టీ ఉంటుంది, పెడల్ తొక్కినప్పుడు అదే జరుగుతుంది. వీటికి డ్రమ్ము బిగించాక, కేబుల్ వదులుగా ఉంచి, పెడల్‌ను పదిసార్లకు తక్కువ కాకుండా బలంగా తొక్కాలి. లోపల టిక్కుమనే శబ్దం ఆగిపోయే దాకా తొక్కుతూ ఉండండి. పెడల్ పైకి రావడం పాదానికే తెలుస్తుంది. ఇక్కడ కూడా కేబుల్ ముందే బిగిసి ఉంటే పట్టీ కదలదు, ఎన్నిసార్లు తొక్కినా ఫలితం ఉండదు.

ఆఖరున కేబులు

షూలు కుదిరాయి, పెడల్ పైన అందుతోంది. ఇప్పుడు హ్యాండ్ బ్రేక్ లివరు దగ్గరకు రండి. చాలా బండ్లకు అయిదు నుంచి తొమ్మిది టిక్కుల మధ్య పట్టాలని పుస్తకంలో ఉంటుంది. మీ బండిది చూసుకోండి. షూలు సరిగా ఉంటే కేబుల్‌ను బిగించాల్సిన అవసరం చాలాసార్లు రాదు, వదులు చేసిన నట్టును పాత చోటుకు తెస్తే సరిపోతుంది. నట్టు కొంచెం కొంచెంగా బిగిస్తూ, లివరు పూర్తిగా దించినప్పుడు రెండు చక్రాలూ స్వేచ్ఛగా తిరుగుతున్నాయో లేదో ప్రతిసారీ చూడండి. ఒక టిక్కుకే చక్రం రాసుకుంటే ఎక్కువ బిగించినట్లే. లాక్ నట్టు వేసి మూత పెట్టండి. షూలు కుదిరినా ఒక చక్రం పట్టి, ఒకటి పట్టకపోతే కేబుల్ తొడుగు లోపల తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటుంది. దానికి నూనె పోసి లాభం లేదు, మార్చాలి.

చక్రాలు ఎక్కించి, బండి దించి, నట్లను ఎదురెదురుగా వరుస మార్చుతూ బిగించండి. కదిలించే ముందే పెడల్ తొక్కి గట్టిగా ఉందో లేదో చూసుకోండి. బ్రేక్ ఆయిలు మట్టం కూడా చూడండి. రద్దీలేని రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి మెల్లగా తగ్గించే బ్రేకులు కొన్ని వేసి, మధ్యలో చల్లారనిచ్చి, పది కిలోమీటర్లు తిరిగి రండి. ఆగాక నాలుగు చక్రాల దగ్గరా ముట్టుకోకుండా అరచెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూడండి. వెనక రెండూ సమానంగా గోరువెచ్చగా ఉండాలి. ఒకటి సెగ కొడుతుంటే ఆ వైపు ఇంకో పన్ను వదలండి.

ఘాట్ దిగేవారికి రెండు మాటలు చెప్పాలి. వేడెక్కితే డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, అందుకే పొడవైన దిగుడులో పెడల్ లోతుకు వెళుతున్నట్లు అనిపిస్తుంది. ఇంట్లో సరిగా సర్దిన బ్రేకుకు ఆ పెరుగుదలను తట్టుకునే మిగులు ఉంటుంది, సర్దనిదానికి ఉండదు. బ్రేక్ ఆయిలు సంగతీ అంతే. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చండి. ఎక్కిన గేరులోనే దిగండి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. మలుపు దగ్గర టీ కోసం ఆగితే వేడి డ్రమ్ముల మీద హ్యాండ్ బ్రేక్ బలంగా లాగి వదిలేయకండి, చల్లారేటప్పుడు డ్రమ్ము కుంచించుకుని షూలను బిగించేస్తుంది. గేరులో ఉంచి చక్రానికి రాయి పెట్టండి, ఇరవై నిమిషాలు చల్లారాక హ్యాండ్ బ్రేక్ వేసుకోండి.

కొత్త షూలు వేసి ఉంటే 500 కిలోమీటర్లు తిరిగాక మరోసారి రబ్బరు మూత తీసి, కేబుల్ వదులు చేసి, పళ్లు సరిచూడండి. కొత్త లైనింగు డ్రమ్ము వంపుకు ఒదిగేటప్పుడు మొదట్లో కొంచెం త్వరగా అరుగుతుంది. ఆ తర్వాత ప్రతి 10,000 కిలోమీటర్లకు, వానాకాలం ముగిశాక ఒకసారి చూసుకుంటే సరిపోతుంది.